మత్తు డాక్టరుకి మూడు డ్రాఫ్టులు: ఒక ప్రేమ నవల హీరో మీద కేస్ స్టడీ

ఎడిటరుగా నా చేతికొచ్చేసరికి ఆ నవల 92 వేల మాటలు, 31 అధ్యాయాలు. ఒక అధ్యాయం ఆమె వైపు నుంచి, తర్వాతది అతని వైపు నుంచి. ఆమె లాయరు, అతను మత్తు డాక్టరు. ఆపరేషన్లు చేసే హీరోలు బోలెడుమంది ఉన్నారు, మత్తు ఇచ్చేవాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు, అందుకే అతన్ని ఎంచుకున్నానని రచయిత్రి మొదటి ఫోన్లోనే చెప్పారు. ఆలోచన నచ్చింది. చెయ్యి తిరిగిన రచయిత్రే. నాయిక తల్లి పాత్రయితే నాకిప్పటికీ కళ్ళముందు కదులుతుంది. అయినా నాకంటే ముందు చదివిన ఐదుగురు స్నేహితుల్లో నలుగురు ఇంచుమించు ఒకే మాట అన్నారట: "అమ్మాయి బాగుంది. అబ్బాయే నమ్మబుద్ధి కావట్లేదు."

ఎందుకు నమ్మబుద్ధి కాలేదో వాళ్ళు చెప్పలేకపోయారు. అది కనిపెట్టడమే నా పని. మొదటిసారి తప్పు కనిపెట్టాను. ఆ తప్పువల్ల రచయిత్రికి నాలుగు నెలలు వృథా అయ్యాయి, కాబట్టి దాన్ని దాచకుండా రాస్తాను. ఆవిడ అనుమతితోనే ఇదంతా. పాత్రల పేర్లు ఇక్కడ అక్కర్లేదు. లాయరు, డాక్టరు అంటే సరిపోతుంది.

మొదటి డ్రాఫ్టు: అన్నీ తెలిసినవాడు

లాయరు అలసిపోయి వస్తే డాక్టరుకి చెప్పకుండానే తెలిసిపోయేది. ఆమె మౌనంగా ఉంటే ఆ మౌనానికి కారణం కూడా తెలిసిపోయేది. ఆమె కోపంగా ఉంటే ఏ మాటతో ఆ కోపం చల్లారుతుందో సరిగ్గా ఆ మాటే అతని నోట్లోంచి వచ్చేది. "నాకు భయంగా ఉంది" అని ఆమె అంటే అతని జవాబు ఇది:

"నీ భయం నీ బలహీనత కాదు. ఇన్నాళ్ళూ నువ్వు ఒంటరిగా మోసిన బరువు అది. ఇకనుంచి అందులో సగం నాది."

విడిగా చదివితే వాక్యం బాగానే ఉంది. కానీ ఆ పాటికి అలాంటివి ఓ ముప్పై వచ్చేశాయి. అతను ఎప్పుడూ తడబడడు, ఒకదానికి ఇంకోటి చెప్పడు, ఆమె మాట మధ్యలో వేరే దేని గురించీ ఆలోచించడు.

నేను మార్జిన్లో రాసిన నోట్సు ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది. "మగవాళ్ళు ఇలా మాట్లాడరు." ఒకటి కాదు, కనబడ్డ ప్రతిచోటా. "ఇంత పొడవు వద్దు." "మనసులో మాట ఇంత తేలిగ్గా బయటపెట్టడు." నేను మగవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నా తీర్పుకి తిరుగులేదనుకున్నాను. రచయిత్రి కూడా అలాగే అనుకున్నారు పాపం. "మీరు చెప్తున్నారు కదా సార్, అలాగే చేస్తాను" అని నాలుగు నెలలు కూర్చుని డాక్టరు మాటలన్నీ కత్తిరించారు.

రెండో డ్రాఫ్టులో డాక్టరు రాయిలా తయారయ్యాడు. కిటికీ దగ్గర నిలబడతాడు. దవడ బిగిస్తాడు. "ఊఁ" అంటాడు. అతని అధ్యాయాల్లో వాక్యాలు మూడు మాటలకి మించవు. అదే ఐదుగురికీ మళ్ళీ ఇచ్చారు. ఈసారి ప్రశ్న మారింది: "ఇతన్ని ఆమె ఎందుకు ప్రేమించింది?" న్యాయమైన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

కళ్ళు తెరిపించింది మా ఆవిడ. బల్లమీద పడి ఉన్న మొదటి డ్రాఫ్టు పేజీలు తిరగేసి, నా నోట్సు చదివి, "మగవాళ్ళు ఇంత మాట్లాడరా? ఏమండీ, మొన్న మీరు మీ తమ్ముడితో ఫోన్లో గంటన్నర మాట్లాడారు" అంది. నిజమే. గంటన్నరలో గంటంపావు అతను కొనబోయే పాత కారు ఇంజిను గురించి. చివరి పావుగంటలో మాత్రం, ఇంజిను మాటల మధ్యలోనే, వాడి ఉద్యోగం పోయిన సంగతి బయటపడింది.

మగవాళ్ళు మాట్లాడతారు. ఎవరితో, దేని గురించి, దేని చాటున అన్నదే ప్రశ్న. మాటల పొడవు కొలిచి నేను చేసింది రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాయడం.

పసుపు పెన్ను

మళ్ళీ మొదటి డ్రాఫ్టు తీశాను. డాక్టరు వైపు నుంచి నడిచే తొలి మూడు అధ్యాయాల్లో లాయరు గురించిన ప్రతి వాక్యాన్నీ పసుపు పెన్నుతో గీశాను. ఆమె జుట్టు, ఆమె గొంతు, ఆమె ఏమనుకుంటోందో, ఆమెకి ఏం కావాలో. పేజీలు పసుపుముద్దయ్యాయి. తెల్లగా మిగిలినవి తలుపు తెరవడం, కుర్చీ లాగడం లాంటివి.

ఆ తర్వాత అదే పెన్నుతో లాయరు అధ్యాయాల్లో డాక్టరు గురించిన వాక్యాలు గీశాను. సగం కూడా పసుపు కాలేదు. ఆమెకి కోర్టులో వాయిదాలున్నాయి, తల్లితో గొడవలున్నాయి, పాత స్నేహితురాలి మీద ఈర్ష్య ఉంది. ఆమె డాక్టరు గురించి ఆలోచించడానికి తీరిక చేసుకోవాలి. అతనికి మాత్రం ఆమె తప్ప లోకంలో ఇంకే పనీ లేదు.

నమ్మబుద్ధి కాకపోవడానికి అసలు కారణం అదే. అతను మరీ మంచివాడు కావడంలో ఇబ్బంది లేదు. ప్రేమకథల్లో మంచివాళ్ళుంటారు, ఉండాలి కూడా. ఆమె గదిలోకి రాకముందు అతను లేడు. ఆమె వెళ్ళిపోయాక అతను ఉండడు. అతని ప్రతి మాటా ఆమె ప్రశ్నకి జవాబుగా పుట్టింది, అందుకే అంత సరిగ్గా సరిపోయింది.

రచయిత్రికి ఫోన్ చేసి ఒకటే అడిగాను: "ఆమె ఇంకా పరిచయం కాని రోజుల్లో, ఒక మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఇతను ఏం చేస్తుంటాడు?"

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆపరేషన్ థియేటర్లో ఉంటాడు" అన్నారు.

"అక్కడ ఏం చేస్తుంటాడు?"

"మత్తు ఇస్తాడు కదా సార్."

"ఇచ్చాక?"

ఆవిడకి తెలియదు. నాకూ తెలియదు. అప్పుడు ఆవిడ తనకు తెలిసిన ఒక మత్తు డాక్టరు దగ్గర కూర్చుని నాలుగైదుసార్లు మాట్లాడారు. ప్రేమ గురించి ఒక్క ప్రశ్నా వేయొద్దని, పని గురించే అడగమని నేను గట్టిగా చెప్పి పంపాను. ఈ మొత్తం వ్యవహారంలో నేనిచ్చిన పనికొచ్చే సలహా బహుశా అదొక్కటే.

ఉద్యోగం అతని కళ్ళు మార్చింది

ఆవిడ తెచ్చిన వివరాల్లో రెండు నవలని మార్చేశాయి.

మొదటిది. మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కి ముందు రోగి నోరు తెరవమని చూస్తారు, మెడ ఎంత వెనక్కి వంగుతుందో చూస్తారు, ఊగే పళ్ళున్నాయా అని అడుగుతారు. ఊపిరి కోసం గొంతులో గొట్టం వేయడం సులువో కష్టమో ముందే అంచనా కట్టుకోవాలి. దవడ చిన్నదై గడ్డం లోపలికి ఉంటే కష్టమయ్యే అవకాశం ఉంది. ఏళ్ళ తరబడి ఇదే పని చేసినవాడికి బయట కనిపించే ముఖాల్ని కూడా అలా చూసే అలవాటు పడిపోతుందని ఆ డాక్టరు నవ్వుతూ చెప్పారట.

మొదటి డ్రాఫ్టులో స్నేహితుడి ఇంట్లో లాయరుని తొలిసారి చూసినప్పుడు మన డాక్టరుకి "ఆమె నవ్వితే గదిలో దీపాలన్నీ ఒక్కసారి వెలిగినట్టయింది." మూడో డ్రాఫ్టులో అదే చోటు ఇలా మారింది:

"ఆమె తల వెనక్కి వాల్చి నవ్వింది. దవడ చిన్నది. గడ్డం కొంచెం లోపలికుంది. గొట్టం వేయాల్సొస్తే కష్టమే, అనుకున్నాడు. ఛీ, నలుగురిలో కూర్చుని నవ్వుతున్న మనిషిని చూసి ఇదేం ఆలోచన అని వెంటనే సిగ్గేసింది. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. దేనికి నవ్విందో అతను వినలేదు."

దీపాలు ఏ హీరోకైనా వెలుగుతాయి. దవడ ఇతనికే కనిపిస్తుంది. పైగా, ఆమెని అంత శ్రద్ధగా చూశాడని ఎక్కడా చెప్పకుండానే తెలిసిపోతోంది.

రెండోది ఇంకా విలువైనది. రోగి వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు బీప్ బీప్‌మంటూ ఉంటుంది కదా. రక్తంలో ఆక్సిజన్ శాతం తగ్గేకొద్దీ ఆ బీప్ శ్రుతి కిందికి దిగుతుంది. మత్తు డాక్టర్లు వేరే పనిలో ఉన్నా, తెరవైపు చూడకపోయినా, ఆ తేడా చెవికి తగలగానే తలెత్తుతారు. అంటే మన హీరోకి ఆమె గొంతులో మార్పు పట్టే చెవి ఉంది. దీనికి అతీంద్రియ శక్తి అక్కర్లేదు, ఉద్యోగం చాలు.

ఇక్కడ రచయిత్రి మళ్ళీ పాతదారి పట్టబోయారు. గొంతు దిగింది, కాబట్టి కేసు ఓడిపోయిందని అతనికి అర్థమైపోయింది అని రాశారు. నేను ఆపాను. మీటరు 'ఏదో తగ్గింది' అని చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. అది వెతుక్కోవాలి. వెతుక్కునేటప్పుడు మనిషి తనకి అలవాటైన చోటే ముందు వెతుకుతాడు. చివరికి ఫోన్ సంభాషణ ఇలా తేలింది:

"ఏమైంది నీకు? గొంతు అలా ఉందేంటి?"

"ఏం లేదు."

"రాత్రి నిద్రపోలేదు కదూ? ఫోన్ పెట్టేసి పడుకో. రేపు మాట్లాడుకుందాం."

ఆమె ఫోన్ పెట్టేసింది. మంచి సలహా ఇచ్చానన్న తృప్తితో అతను అన్నం తిన్నాడు. ఏడేళ్ళుగా నడిపిన కేసు ఆ సాయంత్రమే పోయిందని అతనికి మూడురోజుల తర్వాత, అదీ వేరేవాళ్ళ నోటివెంట తెలిసింది.

మార్పుని పసిగట్టాడు, అర్థం మాత్రం తప్పు చేసుకున్నాడు. మొత్తం నవల్లో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. అతను మొద్దు కాదు, పట్టించుకోనివాడూ కాదు. పట్టించుకుని కూడా తప్పు చేశాడు. ఈ ఒక్క సీను రాశాక ఆవిడకి నాతో పెద్దగా పనిలేకపోయింది. ఇతను ఎక్కడ పొరబడతాడో ఆవిడకే తట్టడం మొదలైంది.

చార్టు సీను

14వ అధ్యాయంలో లాయరు తల్లికి ఆపరేషన్. మత్తు ఇచ్చింది మన డాక్టరే. మధ్యలో బీపీ పడింది, మందు ఇచ్చి సరిచేశాడు, ఆమెకి చెప్పలేదు. మత్తు ఇచ్చాక బీపీ పడటం తరచుగా జరిగేదే, అందుకే చెప్పకపోవడం సహజం. 22వ అధ్యాయంలో ఆమె ఆ ఆపరేషన్ కాగితాలు చూస్తుంది. లాయరు కదా, కాగితం కనిపిస్తే చదవకుండా ఉండదు.

మొదటి డ్రాఫ్టులో అతను పేజీన్నర సంజాయిషీ ఇచ్చాడు, అందులో 'నిన్ను కోల్పోతానేమోనన్న భయం' మూడుసార్లు. రెండో డ్రాఫ్టులో నా పుణ్యమా అని ఒక్కమాట మాట్లాడకుండా తలుపేసుకుని వెళ్ళిపోయాడు. మూడోసారి:

"ఎంతకి పడింది?"

"పైది డెబ్బై."

"ఎంతసేపు?"

"నాలుగు నిమిషాలు. చార్టులో ఒక్క చుక్కే కనిపిస్తుంది. ఐదేసి నిమిషాలకి రాస్తాం."

"నాకెందుకు చెప్పలేదు?"

"రోజూ జరిగేదే. ఎవరికీ చెప్పం."

"అందరికీ చెప్పమన్నానా? నాకు."

అతను ఎడమచేతి మణికట్టు మీద రెండు వేళ్ళు వేసి గోడ గడియారం వైపు చూశాడు. "నూట పన్నెండు కొట్టుకుంటోంది. ఇప్పుడు మాట్లాడితే ఏదో ఒకటి అనేస్తాను. అరగంటలో వస్తాను."

ఆ నాడి చూసుకోవడం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. రెండో డ్రాఫ్టులో అతను వెళ్ళిపోవడం చదివిన స్నేహితులందరికీ అతను అహంకారిలా అనిపించాడు. దంపతుల గొడవల్ని ల్యాబులో గమనించిన మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ మాట నాకు గుర్తొచ్చింది. గొడవలో గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకునే స్థితికి చేరితే మనిషికి ఎదుటివాళ్ళ మాట సరిగా చెవికెక్కదని, చల్లబడటానికి కనీసం 20 నిమిషాలైనా పడుతుందని ఆయన చెబుతారు. గొడవ మధ్యలో మూసుకుపోయి గోడలా కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళేనని కూడా ఆయన గమనించారు. ఎదురుగా ఉన్నవాళ్ళకి అది లెక్కలేనితనంలా కనిపిస్తుంది, లోపల మాత్రం గుండె దడదడలాడుతుంటుంది. ఇది రచయిత్రికి చెప్పగానే ఆవిడ అన్నారు, "సార్, మన వాడికి నాడి చూసుకోవడం వచ్చు కదా!" నాకు తట్టలేదు.

అరగంట అన్నవాడు యాభై నిమిషాలకి తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి ఒక్క వాక్యం అంటాడు: "ఆ నాలుగు నిమిషాలూ నాకు రోజూ జరిగేదిలా అనిపించలేదు." పేజీన్నర సంజాయిషీలో ఉన్నదంతా అందులో ఉంది. అంకెల వెనక దాక్కున్నవాడు కాబట్టి, అంకెల్లోంచే బయటికి వచ్చాడు.

వాదించుకున్న రెండు విషయాలు

ఒకటి, చెయ్యి పట్టుకు లాగడం. 9వ అధ్యాయంలో ఆమె పాత సహోద్యోగితో నవ్వుతూ మాట్లాడుతుంటే డాక్టరు వచ్చి మణికట్టు పట్టుకుని పక్కకి లాక్కెళతాడు. తీసేయమన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు, పాఠకులకి ఇది కావాలి సార్ అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ప్రేమ నవలల పాఠకురాళ్ళతో కూర్చుని మాట్లాడి 1984లో పుస్తకం రాసిన జానిస్ రాడ్‌వే, హీరో మొదట్లో చూపించిన కఠినత్వాన్ని పాఠకురాలు చివరికొచ్చాక వెనక్కి తిరిగి ప్రేమగా చదువుకుంటుందని వివరించారు. ఆ పద్ధతి బాగా పాతుకుపోయింది. నా అభ్యంతరం నీతికి సంబంధించింది కూడా, కాదనను. కానీ ఎడిటరుగా అడిగింది వేరు: లాగినందుకు ఆ క్షణంలో అతనికి ఏం నష్టం జరిగింది? ఏమీ లేదు. ఆమె గుండె ఝల్లుమంది, అంతే. నలుగురిలో చెయ్యి లాగితే ఒక లాయరు ఏం చేస్తుంది? ఆవిడే రాశారు, నేను చెప్పలేదు. చేయి విడిపించుకుని, ఆ సహోద్యోగికి డాక్టరుని పరిచయం చేసి, "ఈయనకి కంగారెక్కువ" అంటుంది. అందరూ నవ్వుతారు. ఆ నవ్వు అతన్ని నాలుగు అధ్యాయాలపాటు వెంటాడుతుంది. ఈర్ష్య ఉండిపోయింది, చల్లగా తప్పించుకోవడం మాత్రం పోయింది.

రెండు, అసలు అతని అధ్యాయాలు అవసరమా అన్నది. ఒక దశలో విసిగిపోయి అన్నీ తీసేసి ఆమె వైపు నుంచే చెబుదామన్నారు. అది కూడా చెల్లే దారే. 1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ దాదాపు మొత్తం నాయిక ఎలిజబెత్ వైపు నుంచే నడుస్తుంది. 61 అధ్యాయాల నవల్లో హీరో డార్సీ 34వ అధ్యాయంలో ప్రేమ చెప్పినప్పుడు ఆస్టెన్ అతని నోట పలికించింది నాలుగు చిన్న వాక్యాలు. మిగతాదంతా, ఆమెని నొప్పించిన మాటలతో సహా, కథ చెప్పే గొంతే క్లుప్తంగా చెప్పేస్తుంది. మరుసటి అధ్యాయంలో అతని ఉత్తరం. 43వ అధ్యాయంలో అతన్ని చిన్నప్పటినుంచీ ఎరిగిన ఇంటి నిర్వాహకురాలి సాక్ష్యం. అతని మనసులోకి పెద్దగా దూరకుండానే మనిషి నిండుగా కనిపిస్తాడు.

ఆ ఇంటి నిర్వాహకురాలి దగ్గర నాకు ఆగబుద్ధయింది. మన డాక్టరుని లాయరుకంటే ముందునుంచీ ఎరిగినవాళ్ళు నవల్లో ఒక్కరైనా లేరు. చివరికి అధ్యాయాలు తీయలేదు గానీ మనుషుల్ని చేర్చారు. థియేటర్లో పదేళ్ళుగా అతనితో పనిచేస్తున్న నర్సు ఒకావిడ, "డాక్టర్ గారూ, నిన్నటినుంచి మీరు ప్రతిదీ రెండుసార్లు అడుగుతున్నారు" అని పట్టేస్తుంది. ఒక తమ్ముడు. తమ్ముడి అప్పుకి హామీ ఉండి ఇరుక్కున్న సంగతి అతను లాయరుకి చెప్పడు. చెబితే ఆమె పరిష్కరించేస్తుంది, అది అతనికి ఇష్టం లేదు. దీనికి తోడు నొప్పి చికిత్సలో ఏడాది శిక్షణకి వేరే ఊరు వెళ్ళాలన్న కోరిక, ఆమె పరిచయానికి మూడేళ్ళ ముందునాటిది. ఆ దరఖాస్తు తేదీ దగ్గరపడటంతో నవల చివరి మూడోవంతుకి కావలసిన ముడి దానంతటదే పడింది. అంతకుముందు అక్కడ ఒక కారు ప్రమాదం ఉండేది. అది పోయినందుకు నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

మూడో డ్రాఫ్టు తర్వాత

పసుపు పెన్ను మళ్ళీ తీశాను. డాక్టరు అధ్యాయాల్లో పసుపు సగానికి దిగింది. అతని మాటలు రెండో డ్రాఫ్టు కంటే బాగా పెరిగాయి. తమ్ముడితో వాగుతాడు, నర్సుతో వాదిస్తాడు, లాయరుకి తన పాత ప్రొఫెసరు గురించి అడక్కపోయినా చెబుతాడు. ఐదుగురిలో ఇద్దరు మూడోసారి చదవడానికి ఓపిక లేదన్నారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. చదివిన ముగ్గురిలో ఒకరికి డాక్టరు మీద ఒళ్ళు మండిందట, ఆ "పడుకో" దగ్గర. "మా ఆయన అచ్చం ఇంతే" అన్నారట.

తేలని విషయం ఒకటుంది. చివరి అధ్యాయంలో డాక్టరు పదకొండు వాక్యాల ప్రసంగం చేస్తాడు, మొదటి డ్రాఫ్టులో ఉన్నట్టే, పొల్లు పోకుండా. తీసేయమని మూడుసార్లు రాశాను. "అన్ని అధ్యాయాలు తడబడ్డాడు సార్, ఒక్కసారైనా సరిగ్గా మాట్లాడనివ్వండి" అని ఆవిడ పట్టుబట్టారు. నాకిప్పటికీ అది అతికించినట్టే ఉంది. చదివిన ముగ్గురూ పెన్సిలుతో గీత గీసుకున్నది మాత్రం దాని కిందే.